కడిగేసిన లేబుళ్లు

డేల్ పక్కూరు డెర్బీలో బస్సు దిగాడనీ, దిగీ దిగగానే బంగారు పన్ను కట్టించుకున్న ఓ పొడుగాటి మనిషి వాణ్ణి వాటేసుకున్నాడనీ, ఇద్దరూ నవ్వుకుంటూ పక్క సందులోకి పోయారనీ ఎదురింటి పెర్లీన్ ఆంటీ చూసిందట. చూసి ఊరుకుంటే ఆవిడ పెర్లీన్ ఆంటీ ఎందుకవుతుంది? గురువారం చెల్లెల్ని చూడ్డానికి డెర్బీ వెళ్ళి, సాయంత్రం మా రాడ్‌ఫర్డ్ పేటలో దిగి, కోటైనా విప్పకుండా మా అమ్మ దగ్గర కూర్చుని పూస గుచ్చినట్టు చెప్పిందట. ఆ తెల్ల పిల్లాడి భుజాన సంచి ఉందట. చదరంగా, పలకలా ఉందట. ఆ సంచిని పొడుగాటివాడే అందుకుని మోశాడట. "నాకెందుకు లేమ్మా, నేనేమీ అనట్లేదు" అని కూడా అందట.

మా అమ్మ ఆ మాటని శుక్రవారం పొద్దున వేపిన అరటి ముక్కలతో పాటు నా ప్లేట్లో వేసింది.

"వాడు డెర్బీ ఎందుకెళ్ళాడ్రా?"

"నాకేం తెలుసమ్మా."

"నీకు తెలీకుండా ఎక్కడికెళ్తాడు? బాత్రూంకెళ్ళినా నీకు చెప్పి వెళ్ళేవాడు."

నేను నవ్వాను. ప్లేటు పక్కకి నెట్టాను.

డేల్ టన్నిక్లిఫ్, నేను, ఇద్దరం కలిసి 'కోల్డ్ కెటిల్'. వాడు బీట్లు కడతాడు, నేను వాటి మీద ర్యాప్ చెబుతాను. ఆ పేరు మేం పెట్టుకున్నది కాదు, అంటుకున్నది. బడి వదిలాక వాడి వంటింట్లో టీకి నీళ్ళు పెట్టి, పాటలో పడి మరిచిపోయేవాళ్ళం. నాలుగు సార్లు మరగబెట్టినా ఒక్క కప్పు టీ అయ్యేది కాదు. అప్పుడు మాకు పదిహేనేళ్ళు. ఇప్పుడు ఇరవయ్యారు. మా వెనక ఏ కంపెనీ లేదు. ఐదువందల రికార్డులు అచ్చు వేయించుకుంటాం, అట్టల మీద ముద్రలు మా అమ్మ భోజనాల బల్ల మీదే కొట్టుకుంటాం, బస్సుల్లో మోసుకెళ్ళి షాపులకిస్తాం. నేను మా ఊరి నాటింగ్‌హాం యాసలోనే చెబుతాను. అమెరికా వాడిలా నోరు తిప్పితే మా వీధి నుంచే కోడిగుడ్లు పడతాయి.

డేల్ పని వేరు. పాత సామాన్ల షాపుల్లో మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరికీ అక్కర్లేని రికార్డుల మధ్య దుమ్ము తింటూ వెతుకుతాడు. ఒకదాంట్లో నాలుగు క్షణాల ముక్క దొరుకుతుంది. దాన్ని శాంప్లర్ యంత్రంలోకి ఎక్కించి, కోసి, తిప్పి, కింద డ్రమ్ములు పరిచి బీట్ కడతాడు. ఆ ముక్క ఎక్కడిదో ఇంకొకడికి తెలిసిందా, వాడూ వెళ్ళి అదే రికార్డు కొంటాడు. అందుకని డేల్ లేబుళ్ళు కడిగేస్తాడు. సింకులో గోరువెచ్చటి నీళ్ళు, గిన్నెల సబ్బు రెండు చుక్కలు. నడుమ కాగితం నానేదాకా పట్టుకుని కూర్చుంటాడు. తర్వాత బొటనవేలితో తోస్తే పేరూ ఊరూ ముద్దయి ఊడొస్తాయి. అట్ట చించి పారేసి, తెల్ల కాగితపు తొడుగులో పెడతాడు. ఇక ఆ రికార్డు ఎవరిదో దేవుడికి, డేల్‌కి మాత్రమే తెలుసు.

నాక్కూడా చెప్పడు. "నీకు తెలిస్తే ప్రాసలో పెట్టేస్తావురా" అంటాడు. నిజమే, పెట్టేస్తాను. పదకొండేళ్ళుగా వాడు చెప్పలేదు, నేను అడగలేదు. అది మా ఒప్పందం.

కొత్త పాటలో మూడు బాకాలున్నాయి. ఏదో బొగ్గుగని బ్యాండు అనుకుంటాను. గని మూసేసిన రోజు మగాళ్ళు తల దించుకుని ఇళ్ళకి నడిచినట్టు ఉంటాయి ఆ బాకాలు. ఆ బీట్ మొదటిసారి విన్నప్పుడు నేను రాసుకున్నవన్నీ చించి మళ్ళీ మొదలుపెట్టాను. మా పదకొండేళ్ళలో అంత మంచిది పుట్టలేదు. రికార్డు అచ్చుకి వెళ్ళింది. ఇంకో మూడు వారాల్లో వస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం నెవిల్ రికార్డుల షాపుకి వెళ్ళాను. నెవిల్ మాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాడు, మా ఊరి పాటగాళ్ళందరికీ ఆ షాపే అడ్డా. కొత్తగా వచ్చిన, ఇంకా లేబుల్ మీద పేరు అచ్చు వెయ్యని రికార్డేదో తిప్పుతున్నాడు. తలుపు తోసి లోపల కాలు పెట్టానో లేదో, బాకాలు.

అవే మూడు బాకాలు. కొంచెం వడిగా ఉన్నాయి, డ్రమ్ములు వేరు. కానీ సొంత బిడ్డకి ఇంకొకరి చొక్కా వేస్తే గుర్తుపట్టలేమా?

"ఎవరిది నెవ్?"

"డెర్బీ వాళ్ళది. ఆస్టన్ స్పెన్స్. నిన్నే వచ్చింది. బావుంది కదూ?"

"స్పెన్స్ అంటే, బంగారు పన్ను?"

"వాడే. ఏంట్రా, మొహం అలా పెట్టావ్?"

నేను బయటికొచ్చేశాను. మా లోకంలో ఒకడి పనిని ఇంకొకడు ఎత్తుకుపోతే 'కొరికాడు' అంటాం. అంతకు మించిన తిట్టు లేదు. స్పెన్స్ రికార్డు ముందొచ్చింది. మాది మూడు వారాలకి వస్తే ఎవరు ఎవర్ని కొరికారంటారు? ఊరంతా వేలు మా వైపే చూపిస్తుంది. నేను నోరు తెరిచి బతికేవాణ్ణి. ఆ మచ్చ పడ్డాక ఇక తెరిచినా ఒకటే, మూసినా ఒకటే.

డేల్ ఫ్లాట్ దాకా నడుస్తూ లెక్క వేశాను. రికార్డు అచ్చయ్యి రావాలంటే ఐదారు వారాలు పడుతుంది. అంటే ఇది గురువారం మొదలైన స్నేహం కాదు. గురువారం పెర్లీన్ ఆంటీ కంట పడింది, అంతే. పడనివి ఎన్నో! జనవరిలో వాడు రెండు ఆదివారాలు మా ఇంటికి భోజనానికి రాలేదు. జ్వరం అన్నాడు. ఆ జ్వరానికి డెర్బీ బస్సు టిక్కెట్టుందేమో! ఒకసారి అనుమానం తలుపు తీశాక, లోపలికి వచ్చే ప్రతి జ్ఞాపకమూ చేతిలో ఏదో పట్టుకుని వచ్చింది.

డేల్ ఎప్పటిలానే తలుపు తీశాడు. గోడలకి నల్లగా చెమ్మ, కిటికీ కింద శాంప్లర్, కుర్చీ మీద ఆ చదరపు సంచి.

"తిన్నావా?" అన్నాడు.

"లేదు."

"ఉండు, కింద నుంచి కాబ్ రొట్టెలు తెస్తా. పంది మాంసమా, చీజా?"

"ఏదైనా."

"ఏదైనా అంటే చీజే తెస్తా, తర్వాత ఏడవకు."

వాడు మెట్లు దిగాడు. నేను సంచి వంక చూశాను. ఆ సంచిని పదకొండేళ్ళుగా నేనే సగం మోశాను. ఎప్పుడూ లోపల చెయ్యి పెట్టలేదు. బకిల్ తీశాను. స్పెన్స్ రికార్డు పైనే ఉంది. దాని తొడుగు మీద డెర్బీ ఫోన్ నంబరు, కింద డేల్ కోడిగెలుకుడు రాత: 'శనివారం, రెండు గంటలకి, నెవ్ షాపు.'

మెట్ల మీద చప్పుడైనట్టనిపించింది. ఆగి విన్నాను. ఏమీ లేదు. బకిల్ పెట్టేసి, సంచిని ఉన్నచోటనే, ఉన్న వంకరలోనే ఉంచి కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డాను.

వాడు రావడానికి చాలాసేపు పట్టింది. కాబ్‌లు రెండూ పంది మాంసానివే. బల్ల మీద పెట్టి, తినకుండా కూర్చున్నాడు.

"రేపు షాపులో పాట అయ్యాక నీకో మాట చెప్పాలి," అన్నాడు.

"ఊఁ."

"ఇంకో మనిషి కూడా ఉండాలి, అందుకని ఇప్పుడు చెప్పట్లేదు."

"సరే."

"నీకేమైనా చెప్పాలనుందా? అడగాలనుందా?"

"నాకేముంది?" అన్నాను. కాబ్ తిన్నాను. వాడు నన్నే చూస్తున్నాడు. దొంగ చూపులు అనుకున్నాను. ఇంకో మనిషట! చెప్పాల్సిన మాటేమిటో నాకు తెలీదా? 'నేను స్పెన్స్‌తో కలుస్తున్నా, నీ దారి నువ్వు చూసుకో.' అది పదిమందిలో చెప్తే నేను గొడవ చెయ్యనని లెక్క వేసుంటాడు.

నెల నెలా చివరి శనివారం నెవిల్ తన షాపులో రెండు గంటల సేపు పాడేవాళ్ళకి మైకు వదిలేస్తాడు. రికార్డుల పెట్టెలు గోడకి జరిపి, అరవై మంది భుజాలు ఒరుసుకుంటూ నిలబడతారు. డేల్ రికార్డులు తిప్పే రెండు డెక్కుల వెనక, నేను ముందు. ఆ రోజు నేను మైకు అందుకుంటుండగా తలుపు తెరుచుకుంది. మనుషుల తలల మీద నుంచి ఓ పొడుగాటి తల కనిపించింది. డేల్ ఆ తలకి చెయ్యెత్తాడు. ఆ తల నవ్వింది. పన్ను మెరిసింది.

నా ముందే! నా బీట్ మీద చెయ్యి పెట్టుకుని!

అచ్చు వేసేవాళ్ళు మచ్చుకి పంపిన రెండు కాపీలతో డేల్ మా బాకాల పాట పెట్టాడు. నేను నెల రోజులు సాధన చేసిన మాటలు ఒక్కటీ చెప్పలేదు. నోటికొచ్చింది చెప్పాను.

*పదకొండేళ్ళు నాతో ఒక్క కంచంలో తిన్నాడు,*
*పన్నెండో ఏట పక్కూరి మీద కన్నేశాడు,*
*మా ఇంటి బాకాలు సంచిలో మోశాడు,*
*ఎవడని అడక్కండి, మీకు బీట్ వేస్తున్నాడు!*

జనం ఊగిపోయారు. మొదటి రెండు వరసలు కేకలు పెట్టాయి. నాలుగో పాదం అర్థమయ్యాక ఆ కేకలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అరవై తలలు డేల్ వైపు తిరిగాయి. నేను ఆపలేదు. ఇంకా పన్నెండు పాదాలు చెప్పాను. డెర్బీ బస్సు నంబరు పెట్టాను. జ్వరం పెట్టాను. వాడి ఫ్లాట్ చెమ్మ కూడా పెట్టాను.

డేల్ రికార్డు ఆపలేదు. ఇంకొకడైతే సూది లేపి నా మొహాన కొట్టేవాడు. ఆ ముక్క అయిపోవస్తుంటే వాడు రెండో డెక్కు మీద మళ్ళీ మొదటికి తిప్పాడు, నేను తాళం తప్పకుండా. మళ్ళీ తిప్పాడు. నన్ను తిట్టనిచ్చి, తిట్టు తిట్టుకీ కింద డ్రమ్ము సరిగ్గా పడేలా చూశాడు. నా దగ్గర మాటలయిపోయాక సూది లేపాడు. హెడ్‌ఫోన్ల తీగ చేతికి చుట్టుకున్నాడు. సంచి భుజాన వేసుకుని, ఎవరి కాలూ తొక్కకుండా మనుషుల మధ్య నుంచి వెళ్ళిపోయాడు.

స్పెన్స్ వెళ్ళలేదు. కౌంటర్ దగ్గరికొచ్చి కోటు లోపల్నుంచి ఓ రికార్డు తీసి నా ముందు పెట్టాడు. తెల్ల తొడుగు. నడుమ లేబుల్ లేదు, కడిగిన మచ్చ ఉంది.

"ఇది మీదట. తిరిగి ఇచ్చేద్దామని తెచ్చా," అన్నాడు.

"నీకెలా వచ్చింది?"

"కొన్నా. చలికాలంలో మీ ఊరి చర్చి అమ్మకంలో. లేబుల్ కడిగిన రికార్డు పాత గిన్నెల పక్కన పడుంటే వదిలెయ్యడానికి నేనేమైనా పిచ్చోణ్ణా? ఎవడో కాళ్ళరిగేలా తిరిగి వెతుక్కున్నదని కడిగిన మచ్చే చెప్తోందిగా. లేబుల్ ఉంటే బ్యాండు మేళంలే అని ముట్టుకునేవాణ్ణి కూడా కాదు."

నెవిల్ "అరెరే" అన్నాడు.

"మొన్న గురువారం మీవాడు ఫోన్ చేసి నా దగ్గరికొచ్చాడు," అన్నాడు స్పెన్స్. "నా పాట రేడియోలో విన్నాట్ట. గొడవకేమోనని బస్సు దగ్గరే నవ్వుతూ వాటేసుకున్నా. కూర్చుని టీ తాగి, మర్యాదగా అడిగాడు. తెలిసి కొరకలేదు కాబట్టి నా రికార్డు షాపుల్నుంచి వెనక్కి తీస్తానన్నా. ముందు మీది రానిచ్చి, తర్వాత నాది తెస్తానన్నా. ఆ మాట మీ ఊళ్ళో, నీ ముందు చెప్పాలనే ఇవాళ వచ్చా."

"అయితే..."

"అయితే ఏముంది? ఇప్పుడు తియ్యను. తీస్తే నీ పాటకి జడిసి తీశానంటారు." తొడుగు మీద వేలితో తట్టాడు. "ఎక్కడ కొన్నానో నమ్మకపోతే, చీటీ ఉంది చూసుకో."

తొడుగు మూలన గుండ్రటి నీలం చీటీ. 'చర్చి పైకప్పు కోసం, ఇరవై పెన్నీలు.' ఆ అక్షరాలు నాకు బడి రోజుల నుంచి తెలుసు. నా ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకం కూడా అదే చేత్తో.

"ఇది మీ అమ్మ రాత కదూ?" అన్నాడు నెవిల్, అక్కర్లేకపోయినా.

డేల్ ఫ్లాట్‌లో చెమ్మకి రికార్డులు వంగిపోతాయని ఓ పెట్టె మా ఇంట్లో, మెట్ల కింద అరలో పెట్టుకున్నాడు. పెట్టమన్నది మా అమ్మే.

ఆదివారం అమ్మ ప్రతి వారంలాగే మూడు ప్లేట్లు పెట్టింది. కొబ్బరిపాలలో బీన్స్ వేసి వండిన అన్నం, కోడి కూర, క్యాబేజీ. శనివారం సంగతి ఆవిడకి నేను చెప్పలేదు. పెర్లీన్ ఆంటీ చెప్పే ఉంటుంది. సరిగ్గా ఒంటిగంటకి డేల్ వచ్చాడు. నా గుండె తేలికైంది. అంతలో వాడు కోటు విప్పకపోవడం చూశాను.

"కూర్చో బాబూ, చల్లారిపోతుంది."

"వద్దు ఆంటీ. నా పెట్టె తీసుకెళ్దామని వచ్చా."

"ఎక్కడికి? ఆ చెమ్మలోకా?"

"మా మామ్మ వాళ్ళింట్లో పెడతా."

అమ్మ నా వైపు చూసింది. నేను స్పెన్స్ ఇచ్చిన రికార్డు తెచ్చి బల్ల మీద, అన్నం గిన్నె పక్కన పెట్టాను.

"అమ్మా, ఇది నువ్వే చర్చికిచ్చావా?"

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. "ఇదొక్కటేంటి, మూడిచ్చాను. పాడైపోయినవేగా?"

"పాడైపోలేదమ్మా. అవి డేల్‌వి."

"ఎవరివో ఎలా తెలుస్తుంది? పేరుందా దాని మీద? నీళ్ళలో పడి కాగితం ఊడిపోయింది, అట్ట కూడా లేదు. మెట్ల కింద పైపు కారిందేమో, తడిసిపోయాయేమో అనుకున్నా. మంచివి ముట్టుకోలేదు, కాగితాలున్నవన్నీ అలాగే ఉంచాను. పేరు మీరే గీకేసి, ఎవరిదో కనుక్కోలేదేమని నన్నంటే ఎట్లా?"

"తప్పు మీది కాదు ఆంటీ," అన్నాడు డేల్ గబగబా. "మీకు తెలియనివ్వకూడదనే అనుకున్నా. స్పెన్స్‌కి కూడా చెప్పా, ఆ చీటీ ఊసెత్తొద్దని."

అంటే గురువారం డెర్బీలోనే ఆ చీటీ చూశాడన్నమాట. మా అమ్మ చేతిరాతని గుర్తుపట్టాడన్నమాట. ఆవిడ పేరు పైకి రాకుండా సంగతి చక్కబెట్టాలనే ఆ తిరుగుళ్ళన్నీ తిరిగాడన్నమాట. అమ్మ ముక్కు తుడుచుకుంది. వాడి ప్లేట్లో కోడి కాలు వేసింది, వాడు కూర్చున్నట్టే.

డేల్ మెట్ల కిందకి వంగి పెట్టె లాగాడు. నేను రెండో వైపు పట్టుకోబోయాను. వద్దన్నట్టు పెట్టెని తన వైపు తిప్పుకున్నాడు.

"మన రికార్డు వస్తోందిరా మూడు వారాల్లో," అన్నాను. "ముద్రలు కొట్టాలి."

"నీ భాగం నువ్వు కొట్టుకో. సగం పంపిస్తా."

"నేను వెధవనే. ఒప్పుకుంటా. షాపులో అందరి ముందూ చెప్తా, కావాలంటే ప్రాసలో చెప్తా. కానీ నువ్వైనా శుక్రవారం ఒక్క ముక్క చెప్పుండొచ్చుగా? 'మీ అమ్మ పొరపాటున ఇచ్చేసింది, నేను సర్దుతున్నా' అని. నాకది చాలేది. నోరు విప్పకుండా కూర్చుంటే నేనేమనుకోవాలి?"

వాడు పెట్టెని గుమ్మం మీద దించాడు.

"చీజ్ లేదన్నారు, పంది మాంసం తేనా అని అడగడానికి శుక్రవారం మెట్లెక్కి వెనక్కొచ్చాను లిండన్. నువ్వు నా సంచిలో చెయ్యి పెట్టున్నావ్."